వెబ్‌పుటలో వ్యవసాయ వీడియో: చట్రాన్ని సరిచేసే విధానం

మొక్కజొన్న పైరులో కత్తెర పురుగును ఇతర లద్దె పురుగుల నుండి వేరుగా గుర్తించడానికి రెండు చిహ్నాలు ప్రధానమైనవి. లార్వా తలపై తలక్రిందులుగా ఉన్న ఆంగ్ల ‘వై’ అక్షరం వంటి లేత రంగు గీత ఒకటి. ఉదర భాగంలోని 8వ ఖండితంపై చతురస్రాకారంలో అమరిన నాలుగు నల్లని చుక్కలు రెండవది. 2018లో ఈ పురుగు మన దేశంలో మొదటిసారిగా కర్ణాటకలో నమోదైన నాటి నుండి వీటిని చూపే వీడియోలు అనేక భాషలలో వెలువడ్డాయి. శాస్త్రవేత్త లార్వాను అరచేతిలో ఉంచుకొని, కెమెరాను దగ్గరకు తెచ్చి, నాలుగు చుక్కలనూ వేలితో చూపిస్తాడు. అదే వీడియోను ఒక సంస్థ వెబ్‌పుటలో చరవాణిపై తెరిచిన రైతుకు తెర కుడి అంచు దాటి బొమ్మ కొంత కనిపించకుండా పోవచ్చు. అడుగున నియంత్రణ పట్టీ అడ్డం రావచ్చు. నాణ్యత తగ్గి నాలుగు చుక్కలూ కలిసి ఒకే మచ్చగా తోచవచ్చు. ఇందులో చిత్రీకరణ లోపం లేదు, శాస్త్రీయ లోపమూ లేదు. వీడియోను పుటలో అమర్చిన చట్రం సరిగా లేదు, అంతే.

విశ్వవిద్యాలయాలు, పరిశోధనా స్థానాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు వీడియోల నిర్మాణంపై చూపుతున్న శ్రద్ధలో పదవ వంతైనా వాటిని వెబ్‌పుటలో నిలిపే తీరుపై చూపడం లేదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఈ పనికి అదనపు నిధులు అవసరం లేదు. వెబ్‌సైటు నిర్వహణ చూసే సిబ్బందికి ఒక పూట పని. అయితే ఏమి కోరాలో విషయ నిపుణునికి తెలియాలి. లేనిచో ఆ పూట ఎన్నటికీ రాదు.

పొందుపరచిన వీడియో అంటే ఏమిటి?

యూట్యూబ్ వీడియో మన వెబ్‌పుటలో కనిపిస్తున్నప్పటికీ అది మన సర్వర్‌లో ఉండదు. ‘ఐఫ్రేమ్’ అనే మూలకం ద్వారా మన పుట గోడకు ఒక కిటికీ తెరుస్తాము. కిటికీలో కనిపించే దృశ్యం పరాయి స్థలానిది. కిటికీ ఎంత వెడల్పు ఉండాలి, ఎప్పుడు తెరుచుకోవాలి, దృశ్యం ఎక్కడ నుండి ఆరంభం కావాలి అనేవి మన చేతిలో ఉంటాయి. దృశ్యంలో ఏముందన్నది మాత్రం అవతలి వారి చేతిలో ఉంటుంది. ఈ విభజన స్పష్టంగా తెలిస్తే మిగిలిన విషయాలు సులభంగా బోధపడతాయి.

యూట్యూబ్‌లో ‘షేర్’ నొక్కి ‘ఎంబెడ్’ ఎంచుకుంటే లభించే సంకేతంలో సాధారణంగా వెడల్పు 560, ఎత్తు 315 పిక్సెళ్లు అని ఉంటుంది. చాలామంది దానిని ఉన్నదున్నట్లు పుటలో అతికిస్తారు. కార్యాలయంలోని కంప్యూటరుపై అది చక్కగానే కనిపిస్తుంది. సామాన్య చరవాణి తెర వెడల్పు బ్రౌజరు లెక్కలో దాదాపు 360 పిక్సెళ్లు. మిగిలిన 200 పిక్సెళ్ల బొమ్మ తెర వెలుపల ఉండిపోతుంది. పైన చెప్పిన పురుగు చిత్రం కుడివైపు తెగిపోవడానికి కారణం ఇదే.

దీని నివారణ రెండు పంక్తుల పని. వెడల్పును పిక్సెళ్లలో కాక నూరు శాతంగా ఇవ్వాలి. ఎత్తును అంకెలో ఇవ్వక, శైలీపత్రంలో ‘ఆస్పెక్ట్-రేషియో’ అనే లక్షణానికి 16/9 అని నిర్ణయించాలి. తెర ఎంత ఉంటే చట్రం అంతకు కుదించుకొని, నిష్పత్తి చెడకుండా నిలుస్తుంది. పాత బ్రౌజర్లు ఈ లక్షణాన్ని గుర్తించవు. వాటి కోసం చట్రాన్ని ఒక పెట్టెలో ఉంచి, పెట్టె ఎత్తును సున్నా చేసి, అడుగు అంతరాన్ని 56.25 శాతంగా ఇచ్చే పాత ఉపాయం ఉంది. 9ని 16తో భాగిస్తే 0.5625 వస్తుంది, ఆ శాతం అందుకే. పెద్ద కంప్యూటరు తెరపై వీడియో మరీ విస్తరించి, పక్కనున్న వ్యాసాన్ని మింగివేయకుండా గరిష్ఠ వెడల్పును 800 పిక్సెళ్ల వద్ద ఆపడం మంచిది. మరీ చిన్నది చేయడమూ తగదు. వెడల్పు, ఎత్తు రెండూ 200 పిక్సెళ్లకు తగ్గరాదని యూట్యూబ్ నిబంధనలే చెబుతున్నాయి.

నిలువుగా తీసిన వీడియోల సంగతి వేరు. చరవాణిని నిలువుగా పట్టుకొని పొలంలో తీసిన దృశ్యాలు ఇప్పుడు క్షేత్ర సిబ్బంది నుండి విరివిగా వస్తున్నాయి. 9:16 నిష్పత్తిలో ఉన్న అటువంటి వీడియోను 16:9 చట్రంలో పెడితే ఇరువైపులా నల్లని పట్టీలు వచ్చి, చట్రం వెడల్పులో మూడింట ఒక వంతు కంటే తక్కువ భాగమే దృశ్యానికి మిగులుతుంది. 360 పిక్సెళ్ల తెరపై దృశ్యం వెడల్పు 114 పిక్సెళ్లు. ఆకుమచ్చ తెగులుకు, పోషక లోపానికి మధ్య తేడాను అంతలో చూపడం ఎవరి తరమూ కాదు. నిలువు వీడియోకు నిలువు చట్రమే, అంటే 9/16 నిష్పత్తినే ఇవ్వాలి. ఒకే పుటలో రెండు రకాలూ ఉంటే ప్రతి వీడియోకు నిష్పత్తిని విడిగా నమోదు చేసుకోవాలి.

పూర్తి తెర సదుపాయానికి ‘అలవ్-ఫుల్‌స్క్రీన్’ అనే మాట సంకేతంలో ఉండాలి. కొన్ని వెబ్‌సైటు నిర్వహణ వ్యవస్థలు భద్రత పేరిట దీనిని తొలగిస్తాయి. అప్పుడు రైతు చరవాణిని అడ్డంగా తిప్పినా బొమ్మను తెర నిండా చూడలేడు.

తెరవక ముందే అయ్యే వ్యయం

పది పంటలపై పది వీడియోలను ఒకే పుటలో వరుసగా పొందుపరచడం మన సంస్థలలో పరిపాటి. రైతు చూడదలచింది ఒక్కటే అయినా, పుట తెరిచిన వెంటనే పది కిటికీలూ తెరుచుకోవడం మొదలవుతుంది. వీడియో ఆడకముందే, ప్లేయర్ పనిచేయడానికి కావలసిన ప్రోగ్రాము భాగాలే కొన్ని వందల కిలోబైట్లు ఉంటాయి. సంకేతాలు బలహీనంగా ఉన్న గ్రామంలో పుట తెల్లగా నిలిచిపోతుంది. రైతు వేచి చూసి మూసివేస్తాడు. మన సందర్శకుల లెక్కలో మాత్రం ఒక సందర్శన నమోదవుతుంది!

ఇందుకు సులభమైన మార్గం ఐఫ్రేమ్‌కు ‘లోడింగ్’ అనే లక్షణం చేర్చి దాని విలువను ‘లేజీ’గా ఇవ్వడం. అప్పుడు రైతు పుటను క్రిందికి జరుపుతూ ఆ వీడియో సమీపానికి వచ్చినప్పుడే బ్రౌజరు దానిని తెస్తుంది. ఇంతకంటే మేలైన పద్ధతి ముఖచిత్రాన్ని మాత్రమే నిలపడం. మొదట ఒక బొమ్మ, దానిపై త్రికోణాకారపు ఆట గుర్తు మాత్రమే ఉంటాయి. రైతు దానిని తాకిన తరువాతనే అసలు ఐఫ్రేమ్ ఆ స్థానంలోకి వస్తుంది. పది వీడియోల పుట కూడా పది బొమ్మల పుట అంత తేలికగా తెరుచుకుంటుంది. ఈ పని చేసే ఉచిత ప్రోగ్రాములు అందుబాటులో ఉన్నాయి.

ముఖచిత్రం ఎంపికపై ఒక మాట. మన వీడియోలలో అధిక భాగానికి సంస్థ చిహ్నమో, వేదికపై జ్యోతి ప్రజ్వలన దృశ్యమో ముఖచిత్రంగా కనిపిస్తున్నది. ప్రముఖులను గౌరవించడానికి వేరే పుటలు ఉన్నాయి. పత్తిలో గులాబీ రంగు పురుగుపై వీడియోకు గుడ్డి పువ్వు దగ్గరి చిత్రం ముఖంగా ఉంటే, తన చేనులో అటువంటి పువ్వును చూసిన రైతు చదవకుండానే ఆ వీడియోను ఎంచుకోగలడు.

పుట తెరవగానే వీడియో దానంతట అదే ఆడేటట్లు అమర్చడం ఎంతమాత్రం తగదు. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున ప్రసారమయ్యే వీడియో 10 నిమిషాలు ఆడితే 75 మెగాబైట్లు ఖర్చవుతాయి. ఆ డేటా రైతు కొనుక్కున్నది. పైగా క్రోమ్ బ్రౌజరు 2018 నుండి ధ్వనితో కూడిన స్వయంచాలక ప్రదర్శనను సాధారణంగా అడ్డుకుంటున్నది. ధ్వని లేకుండా ఆడే వీడియోలో శాస్త్రవేత్త పెదవులు కదలడం తప్ప రైతుకు దక్కేది లేదు. మూడు సెకన్లకు మించి దానంతట అదే వినిపించే ధ్వనిని ఆపడానికి వీలుండాలని అంతర్జాతీయ వెబ్ సౌలభ్య మార్గదర్శకాలు కూడా నిర్దేశిస్తున్నాయి.

చిరునామా చివర చేర్చే మాటలు

పొందుపరచిన వీడియో చిరునామా చివర ప్రశ్నార్థకం ఉంచి కొన్ని పరామితులను చేర్చవచ్చు. ఇవి ఆంగ్ల అక్షరాలలోనే టైపు చేయాలి. వీటిలో విస్తరణకు అత్యంత ఉపయోగకరమైనది ‘స్టార్ట్’. వరి సాగుపై 25 నిమిషాల సమగ్ర వీడియోలో విత్తనశుద్ధి భాగం 6 నిమిషాల 40 సెకన్ల వద్ద వస్తుందనుకుందాం. ‘స్టార్ట్’ విలువ 400 అని ఇస్తే రైతు నేరుగా అక్కడికే చేరుతాడు. ‘ఎండ్’ అనే పరామితితో ఎక్కడ ఆగాలో కూడా చెప్పవచ్చు. ఒకే వీడియోను నారుమడి పుటలో ఒక చోట నుండి, కలుపు యాజమాన్యం పుటలో మరొక చోట నుండి చూపవచ్చు. కొత్తగా చిత్రీకరించనవసరం లేకుండా ఒక దీర్ఘ వీడియో ఎనిమిది చిన్న పాఠాలవుతుంది. సీజను ఆరంభంలో ఈ ఒక్క పని చేసినా మిగిలిన శ్రమంతా సార్థకమే.

వీడియో ముగియగానే, లేదా ఆపగానే, సంబంధం లేని వీడియోలు వరుసకట్టడం అందరికీ అనుభవమే. ‘రెల్’ అనే పరామితికి సున్నా ఇస్తే అవి రావని పూర్వం చెప్పేవారు. 2018 సెప్టెంబరు నుండి దాని అర్థం మారింది. సూచనలు రాకుండా ఆపదు, అదే ఛానల్‌కు చెందిన వీడియోలను మాత్రమే చూపుతుంది. మనకు అదీ చాలు. వేరుశనగ తిక్క ఆకుమచ్చ తెగులుపై మన వీడియో చూసిన రైతుకు మరుక్షణమే ఎవరో అమ్మే అద్భుత ద్రావణం గురించి వీడియో ఎదురుకావడం కంటే, మన ఛానల్‌లోని వేరుశనగ వీడియోయే కనిపించడం మేలు.

నియంత్రణ పట్టీ అందాన్ని చెడగొడుతున్నదని ‘కంట్రోల్స్’ పరామితికి సున్నా ఇచ్చి దానిని దాచివేసిన పుటలు కొన్ని ఉన్నాయి. వ్యవసాయ వీడియోకు ఇది హానికరం. 2006లో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో రికిన్ గాంధీ, ఆయన సహచరుల ప్రాజెక్టుగా ఆరంభమైన డిజిటల్ గ్రీన్ పద్ధతిని గుర్తుకు తెచ్చుకోవాలి. స్థానిక రైతులతో తీసిన వీడియోలను గ్రామంలో చిన్న బృందాలకు చూపుతూ, మధ్యవర్తి అక్కడక్కడ ఆపి, ప్రశ్నలడిగి, అవసరమైతే మళ్లీ చూపడం ఆ పద్ధతికి ప్రాణం. ఒంటరిగా చరవాణిలో చూసే రైతుకు మధ్యవర్తి ఉండడు. ఆపడం, వెనుకకు జరపడం అతడే చేసుకోవాలి. మందు మోతాదు వినిపించిన చోట రెండు మూడు సార్లు వెనుకకు వెళ్లడం సహజం.

మోటారు చప్పుడులోనో, బస్సులోనో చూసేవారికి, వినికిడి లోపం ఉన్నవారికి తెలుగు ఉపశీర్షికలు అవసరం. వీడియోకు తెలుగు ఉపశీర్షికల ఫైలు జతచేసి ఉంటే, ‘సీసీ-లోడ్-పాలసీ’ విలువను 1గా ఇచ్చినప్పుడు అవి మొదటి నుండే కనిపిస్తాయి. ‘సీసీ-ల్యాంగ్-ప్రెఫ్’కు తెలుగు భాషా సంకేతమైన ‘టి-ఇ’ ఇవ్వాలి. ఫైలును యూనికోడ్‌లో, యూటీఎఫ్-8 రూపంలో దాచాలి. పాత డీటీపీ అక్షరాలతో టైపు చేసిన పాఠాన్ని యథాతథంగా ఎక్కిస్తే తెరపై అర్థంలేని గుర్తులు వరుసకడతాయి. తెలుగు వత్తులు, గుణింతాలు చిన్న తెరపై ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అందువలన ఉపశీర్షికలో రెండు పంక్తులకు మించరాదు, ప్రతి పంక్తీ పొట్టిగా ఉండాలి. ‘కిలో విత్తనానికి 3 గ్రాముల కార్బండజిమ్’ అన్న మాట మధ్యలో తెగి, అంకె ఒక తెరపై, మందు పేరు మరొక తెరపై రాకుండా చూడాలి. పొడి విత్తనశుద్ధికి కిలోకు 3 గ్రాములు. దంప నారుమడికి లీటరు నీటికి 1 గ్రాము కలిపి నానబెట్టాలి. ఈ రెండు అంకెలు తారుమారైతే కలిగే నష్టం వీడియో చూడకపోవడం వలన కలిగే నష్టం కంటే ఎక్కువ.

పాత సిఫారసులు, కొత్త పుటలు

ఇక అసలు ప్రమాదం. వీడియోకు వయసు తెలియదు. 2009లో తీసినదైనా నిన్న తీసిన దానివలెనే ఆడుతుంది. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011 మే నెలలో నిషేధించింది. ఫోరేట్, ట్రైజోఫాస్, డైక్లోరోవాస్ వంటి మందులపై 2018 నాటి ఉత్తర్వు ప్రకారం 2020 డిసెంబరు 31 నుండి పూర్తి నిషేధం అమలులోకి వచ్చింది. అంతకు ముందు చిత్రీకరించిన సస్యరక్షణ వీడియోలలో ఈ పేర్లు సర్వసాధారణం. వరిలో కాండం తొలిచే పురుగుకు ఫోరేట్ గుళికలు చల్లమని చెప్పే వీడియో ఒకటి ఏదో ఒక సంస్థ పుటలో నేటికీ ఉంటే, దానిని చూసిన రైతు సంస్థ పేరును నమ్మి దుకాణానికి వెళతాడు.

ఒకప్పుడు యూట్యూబ్‌లో వీడియోపై చిన్న వ్యాఖ్యల పెట్టెలు పెట్టే సౌకర్యం ఉండేది. తప్పు మోతాదును సరిదిద్దడానికీ, ‘ఈ మందు ఇప్పుడు నిషేధితం’ అని తెలపడానికీ అది అనువుగా ఉండేది. ఆ వ్యాఖ్యలన్నీ 2019 జనవరి 15 నుండి కనిపించకుండా పోయాయి. వాటితో చేసిన సవరణలు తొలగి, తప్పులు మాత్రం వీడియోలో మిగిలాయి. ఒకసారి ఎక్కించిన వీడియో స్థానంలో అదే గుర్తింపు సంఖ్యతో సవరించిన వీడియోను ఉంచడానికి యూట్యూబ్ వీలు కల్పించదు. కొంత భాగాన్ని కత్తిరించవచ్చు, అంతే. కొత్త వీడియోకు కొత్త సంఖ్య వస్తుంది. పాత సంఖ్యను పొందుపరచిన పుటలన్నీ పాతదానినే చూపుతూ ఉంటాయి.

కనుక మన ఆధీనంలో ఉన్నది చట్రం చుట్టూ ఉన్న స్థలమే. వీడియో పైభాగాన చిత్రీకరించిన నెల, సంవత్సరం, చివరిసారి నిపుణులు సమీక్షించిన తేదీ తప్పక ముద్రించాలి. క్రింద కాదు, పైననే. వీడియో మొదలైన తరువాత క్రిందికి జరిపి చదివేవారు అరుదు. ఒక మందు పేరు మాత్రమే మారి, మిగిలిన భాగం ఉపయోగకరమైతే, సవరణను రంగు పెట్టెలో వీడియో తలపై ఉంచాలి. ఆ భాగాన్ని ‘స్టార్ట్’, ‘ఎండ్’ పరామితులతో వదిలివేయవచ్చును గానీ అది పూర్తి రక్షణ కాదు. రైతు పట్టీని జరిపి ఆ భాగాన్నీ చూడగలడు. నిషేధిత మందే వీడియోకు ముఖ్యాంశమైతే దానిని ఛానల్‌లోనే తొలగించాలి, లేదా ప్రైవేటుగా మార్చాలి. ఇతర వెబ్‌సైట్లు మన వీడియోను పొందుపరచకుండా నిరోధించే ఎంపిక కూడా ఛానల్ యజమానికి ఉంది. ఇవన్నీ చేయాలంటే ఏ వీడియో ఏ పుటలలో ఉన్నదో తెలియాలి. 11 అక్షరాల గుర్తింపు సంఖ్య, అంశం, సమీక్ష తేదీ, పొందుపరచిన పుటలు, బాధ్యుడైన శాస్త్రవేత్త హోదా అనే ఐదు గడుల పట్టికను ప్రతి సంస్థ నిర్వహించాలి. పంటల కరదీపికను సవరించిన ప్రతిసారీ ఆ పట్టికను కూడా ఎదురుగా పెట్టుకోవాలి.

ప్రకటనలపై మనకు అదుపు లేదు. సంపాదన కార్యక్రమంలో చేరని ఛానళ్ల వీడియోలపైనా ప్రకటనలు చూపే హక్కును యూట్యూబ్ 2020 నవంబరులో తన నిబంధనలలో చేర్చింది. విశ్వవిద్యాలయ వీడియోకు ముందు ఒక పురుగుమందు ప్రకటన వస్తే, అది కూడా విశ్వవిద్యాలయ సిఫారసేనని రైతు భావించే అవకాశం ఉంది. పరామితులతో దీనిని ఆపలేము. నాణ్యతను కూడా అంతే. చట్రం పరిమాణాన్ని, నెట్ వేగాన్ని బట్టి ప్లేయరే దానిని నిర్ణయించుకుంటుంది. పుట నిర్వాహకుడు దానిని శాసించలేడు.

ఈ కారణాల వలన అత్యంత కీలకమైన పది పదిహేను వీడియోలను మాత్రం సంస్థ తన సర్వర్‌లోనే ఉంచుకోవడం ఉచితమని నా అభిప్రాయం. అన్నింటినీ ఉంచితే సర్వర్ భరించలేదు, అవసరమూ లేదు. విత్తనశుద్ధి, కత్తెర పురుగు గుర్తింపు, పిచికారీ సమయంలో జాగ్రత్తలు, విషప్రభావం కలిగినప్పుడు ప్రథమ చికిత్స వంటివి చాలు. ఇందుకు ‘వీడియో’ అనే మూలకమే ఉంది. ‘ప్రీలోడ్’ విలువను ‘నన్’గా ఇస్తే తాకేవరకు డేటా ఖర్చు కాదు. ‘పోస్టర్’లో ముఖచిత్రం, ‘ట్రాక్’లో వెబ్‌వీటీటీ రూపంలో తెలుగు ఉపశీర్షికలు ఇవ్వవచ్చు. ఎంపీ4 ఫైలును హెచ్.264 పద్ధతిలో, సెకనుకు 500 కిలోబిట్ల చొప్పున తయారుచేస్తే 5 నిమిషాల వీడియో 19 మెగాబైట్ల లోపే ఉంటుంది. ప్రక్కన దించుకునే లంకెను కూడా ఇస్తే రైతు ఒకసారి దాచుకొని, నెట్ లేని పొలంలోనూ చూస్తాడు, తోటి రైతులకు వాట్సాప్‌లో పంపుతాడు. మధ్యలోకి జరిపి చూడడం సాధ్యం కావాలంటే సర్వర్ ఫైలులోని భాగాన్ని విడిగా పంపగలగాలి. సర్వర్ నిర్వాహకునితో ఈ విషయం ముందే మాట్లాడుకోవాలి.

యూట్యూబ్‌నే కొనసాగించే పుటలలో సాధారణ చిరునామాకు బదులు ‘యూట్యూబ్-నోకుకీ’ చిరునామాను వాడితే, వీడియోను ఆడించని సందర్శకుని జాడ నమోదు తగ్గుతుంది. ప్రభుత్వ సర్వర్లలో భద్రతా విధానం ఈ చిరునామాను అనుమతించకపోతే చట్రం ఖాళీగా కనిపిస్తుంది. అనుమతించిన చిరునామాల జాబితాలో దానిని చేర్పించాలి. ప్రతి ఐఫ్రేమ్‌కు ‘టైటిల్’ లక్షణంలో తెలుగులో వివరణ ఇవ్వడం మరువరాదు. చూపులేనివారు వాడే తెరపాఠక ప్రోగ్రాము ఆ వివరణనే చదువుతుంది. అది లేకపోతే వారికి అక్కడ పేరులేని ఒక చట్రం ఉన్నదని మాత్రమే తెలుస్తుంది.

వీడియో క్రింద రెండు వస్తువులు ఉండాలి. మొదటిది, గుర్తింపు చిహ్నాల స్పష్టమైన నిశ్చల ఛాయాచిత్రాలు. నాణ్యత తగ్గిన వీడియోలో కలిసిపోయే నాలుగు చుక్కలు 60, 70 కిలోబైట్ల ఛాయాచిత్రంలో విడివిడిగా కనిపిస్తాయి. రెండవది, మోతాదులు, సమయాలతో కూడిన పాఠం, అక్షర రూపంలో. బొమ్మగా అతికించిన పాఠం వెతుకులాటకు దొరకదు, అక్షరాలు పెద్దవి చేసుకోవడానికీ కుదరదు. పాఠం చివర కిసాన్ కాల్ సెంటర్ సంఖ్య 1800-180-1551ను తాకితే ఫోను కలిసేటట్లు లంకెగా ఇవ్వాలి.

పుట సిద్ధమైన తరువాత పరీక్షించవలసినది కార్యాలయపు వైఫైలో, పెద్ద తెరపై కాదు. ఏరువాక కేంద్రం సిబ్బంది ఒకరు తక్కువ ధర చరవాణిలో, మొబైల్ డేటాతో, మధ్యాహ్నపు ఎండలో పొలం గట్టున నిలబడి తెరిచి చూడాలి. ముఖచిత్రం ఎండలో కనబడుతున్నదా, ఉపశీర్షికలు చదవగలుగుతున్నారా, ‘స్టార్ట్’ సరైన చోట మొదలవుతున్నదా, చరవాణిని అడ్డంగా తిప్పితే దృశ్యం తెర నిండుతున్నదా అనేవి అక్కడే నోట్ చేసుకొని, అదే సాయంత్రం వెబ్‌సైటు నిర్వాహకునికి పంపాలి. ఖరీఫ్‌కు ముందు ఒకసారి, రబీకి ముందు ఒకసారి ఈ పరీక్ష జరగాలి.